మోగని పచ్చగాజు

నేను ఒక గాజుని. తెలుగులో నాకొచ్చిన చిక్కేమిటంటే చేతికి వేసుకునేదీ గాజే, సీసాలు చేసేదీ గాజే. నేను మొదటి రకం. రెండో రకం కాదని ఒట్టేసి చెప్పగలను. అంతకు మించి ఒట్టు పెట్టమంటే మాత్రం కాస్త ఆలోచించుకోవాలి.

పుట్టుక విషయంలో నాకు వంక పెట్టడానికి లేదు. బర్మా ఉత్తరాన కొండ తొలిచి తీసిన అసలైన జేడ్ రాయిని. కాకపోతే అందగత్తెను కాను. ఒంటినిండా తుప్పు మరకలు, బూడిద రంగు చారలు. అందుకని గాజుగా చెక్కాక, ఊరూ పేరూ లేని ఒక కార్ఖానాలో నన్ను వారాల తరబడి యాసిడ్‌లో నానబెట్టారు. మరకలు పోయాయి. వాటితోపాటు లోపలి బిగువూ పోయి, టీలో ముంచిన రస్కులా గుల్లబారాను. ఆ గుల్లల్లోకి ఆకుపచ్చ రంగు, దాని వెనకే జిగురు ఎక్కించి, ఆరబెట్టి, మెరుగుపెట్టారు. బయటికొచ్చేసరికి లేత అరిటాకు రంగులో నిగనిగలాడుతున్నాను. ఇదే పని మనుషులు తమ ముఖాలకి చేయించుకుంటే సింగారం అంటారు. రాయికి చేస్తే నకిలీ అంటారు. సరే, పేర్లు పెట్టేది వాళ్ళు కదా.

రంగూన్ బజార్లో నన్ను కొన్నవాడు కాశీరావు. విశాఖపట్నం మనిషి, సరుకు ఓడలో ఇంజను గదిలో పని. చప్పుడు విని ఇంజనుకి వచ్చిన జబ్బు చెప్పగలిగినవాడు. అంతటివాడు, జేడ్‌ని ఎలా పరీక్షించాలో నన్ను అమ్మేవాణ్ణే అడిగి తెలుసుకున్నాడు. అమ్మేవాడు ఓపిగ్గా నేర్పాడు. టార్చి వేసి చూడమన్నాడు. చూస్తే లోపల పచ్చగా వెలిగాను. చెంపకి ఆనించమన్నాడు, ఆనిస్తే చల్లగా తగిలాను. మంచి జేడ్‌ని దారానికి కట్టి వేలాడదీసి తడితే గుడిగంటలా ఖంగుమంటుందని, జిగురు నింపినది డబ్బాలా టప్‌మంటుందని మాత్రం చెప్పలేదు. ఆ పరీక్షలో నేను తప్పుతానని అతనికి తెలుసు.

కాశీరావు నన్ను కొన్నది వాళ్ళమ్మ కోసం. ఆమె పేరు నూకాలమ్మ. రంగూన్‌లో పుట్టింది. అరవైల్లో తెలుగువాళ్ళు ఓడలెక్కి తిరిగి వచ్చేసినప్పుడు ఆమె గౌను వేసుకునే పిల్ల. ఓడరేవులో అధికారులు వాళ్ళమ్మ ఒంటి మీది నగలన్నీ ఒలిచేశారు, పచ్చ జేడ్ గాజుతో సహా. ఆ గాజు సంగతి చెప్పి చెప్పి కొడుకు మెదడులో అచ్చు వేసేసింది. కొడుకు నన్ను తెచ్చి ఇవ్వగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సబ్బు రాసుకుని, పళ్ళు బిగబట్టి నన్ను చేతికెక్కించింది. తర్వాత ఆమె ఒళ్ళు చేసింది. ఇక నేను ఆ చేతిని వదిలి వచ్చే దారి లేదు.

దాంతో నూకాలమ్మ జేడ్ నిపుణురాలైపోయింది. విశాఖలో బర్మా నుంచి వచ్చినవాళ్ళు ఉండే ఆ కాలనీలో ఎవరింట్లో పచ్చటి వస్తువు కనిపించినా ఆమె తీర్పు ఇవ్వాల్సిందే. ఉంగరాన్ని చెంపకి ఆనించి "ఇది సబ్బురాయి" అనేది. లాకెట్టుకి వెంట్రుక చుట్టి అగ్గిపుల్ల గీసి "ఇది ప్లాస్టిక్కు" అనేది. చివర్లో నన్ను చూపించి "ఇదీ, అసలుదంటే ఇలాగుంటాది" అనేది. ఆమె పరీక్ష పెట్టని గాజు ఆ కాలనీలో ఒక్కటే ఉంది. అది ఆమె చేతికే ఉంది.

ఎదురింట్లో దాలమ్మ ఉండేది. నూకాలమ్మకన్నా చిన్నది. అదే ఓడలో వచ్చింది. నూకాలమ్మని అక్క వరసలో "అప్పా" అని పిలిచేది. ఒకరింట్లో చేపల పులుసు ఉడికితే రెండో ఇంట్లో అన్నం వార్చుకుంటే చాలన్నంత స్నేహం. దాలమ్మ చేతికీ ఒక గాజు ఉండేది. బూడిద చారలు, అక్కడక్కడా తుప్పు మరకలు, మెరుపు లేదు. యాసిడ్‌కి ముందు నేను ఎలా ఉండేదాన్నో అచ్చం అలాగే ఉండేది. ఓడరేవులో అధికారి దాన్ని చూసి, రాయి ముక్కేగా అని దాలమ్మ తల్లి మీదికి తిరిగి విసిరేశాడట. ఒడ్డుకు చేరిన కొన్నాళ్ళకే ఆవిడ జ్వరంతో పోయింది. పోయేముందు ఆ గాజు తీసి పిల్ల చేతికి వేసింది. దాలమ్మకి తల్లి ముఖం సరిగ్గా గుర్తులేదు. గాజు ఉంది.

ఒక శ్రావణ శుక్రవారం నూకాలమ్మ ఇంట్లో పేరంటం జరిగింది. కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి ఒకతె ఊరుకోక, "దాలమ్మత్తా, నీదీ జేడేనా?" అని అడిగింది.

"మా అమ్మదమ్మా. రంగూన్ నుంచి తెచ్చింది" అంది దాలమ్మ.

"ఏదీ, ఇలాగియ్యి" అంది నూకాలమ్మ. దాలమ్మది సన్నటి చెయ్యి. గాజు తీసి ఇచ్చింది. నూకాలమ్మ దాన్ని వేలికి తగిలించుకుని చెంచాతో తట్టింది.

ఖంగుమంది. ఆ నాదం గదంతా తిరిగి, చాలాసేపటికిగానీ ఆగలేదు. మా వాళ్ళ గొంతు నేను కొండ దిగాక వినడం అదే మొదటిసారి.

"ఇన్నారా? గాజు గ్లాసులాగ మోగతంది" అంది మా నిపుణురాలు. "ఇది గాజే. అసలుదైతే ఓడరేవులో వదిలేస్తారేటి? మా అమ్మది లాక్కున్నారు, మీ అమ్మది ఇసిరేశారు. అర్థం కాలేదా? మీ అమ్మని ఎవడో మోసం సేసేడే దాలమ్మా."

తర్కం అంటే అలా ఉండాలి. దొంగ వదిలేశాడు కాబట్టి వస్తువు విలువలేనిది. పేరంటాళ్ళందరూ తలూపారు.

"మా అమ్మకి తెలీదా అప్పా?" అంది దాలమ్మ.

"తెలిస్తే గాజుముక్కని జేడని సెప్పి కూతురికెందుకిస్తాది?"

దాలమ్మ గాజు తీసుకుంది. వేసుకోలేదు, చెంగున ముడి వేసుకుంది. తాంబూలం అందుకుని మెట్లు దిగింది. ఆ తర్వాత మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు. వీధిలో ఎదురుపడితే ఏం కూర వండావన్న దగ్గర మాట ఆగిపోయేది. ఆమె చెయ్యి బోసిగానే ఉండేది. నూకాలమ్మకి అర్థం కాలేదు. "నిజం సెప్తే కోపమొచ్చేసింది దానికి" అనేది కోడలు ఈశ్వరితో.

ఏళ్ళు గడిచాయి. నాలోని జిగురు పసుపు తిరిగింది. ఒంటిమీద సాలెగూడులా సన్నని పగుళ్ళు వచ్చాయి. నూకాలమ్మ ముందు ఉప్పుగాలిని తిట్టింది, తర్వాత బట్టల సబ్బుని తిట్టింది. చివరికి "అసలు జేడ్ మనిషి జబ్బుని తన మీదికి లాక్కుంటాది" అని కాలనీ అంతా చెప్పుకొచ్చింది. నా ముసలితనానికి అంత గౌరవం దొరుకుతుందని నేననుకోలేదు.

ఒకరోజు పొద్దున్నే పెరట్లో పాచి మీద కాలు జారి పడింది. కాశీరావు ఓడ మీద ఉన్నాడు, ఈశ్వరి ఆఫీసుకి వెళ్ళింది. కేక విని ముందుగా వచ్చింది దాలమ్మే. ఎక్కనన్న మెట్లు రెండేసి ఎక్కి వచ్చింది. ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

మణికట్టు విరిగింది. చెయ్యి వాచి నేను మాంసంలోకి దిగబడ్డాను. "గాజు కోసేయాలి. లేకపోతే వేళ్ళకి రక్తం అందదు" అంది డాక్టరమ్మ.

"సెయ్యి ఏటైనా సేసుకో తల్లీ, గాజు మాత్రం ముట్టుకోకు" అంది నూకాలమ్మ.

"అప్పా, ఏళ్ళు నల్లబడిపోతన్నాయి. నోరు మూసుకుని కొయ్యనియ్యి" అంది దాలమ్మ.

చిన్న తిరుగుడు రంపం నా మీద పెట్టారు. అది నాలోకి దిగగానే గదంతా కంపు. ప్లాస్టిక్ బకెట్ కాలితే వచ్చే కంపు. నర్సు ముక్కు మూసుకుంది. "ఏమ్మా, ఇది ప్లాస్టికా?" అంది.

నూకాలమ్మ ముఖంలో రక్తం లేదు. అప్పుడు దాలమ్మ నోరు విప్పింది. ఇన్నేళ్ళ ఉక్రోషం తీర్చుకోవడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. "మిషన్ వైరేదో కాలినట్టుంది, సూడండమ్మా" అంది.

నూకాలమ్మ నా వైపు చూడలేదు. దాలమ్మ బోసి చేతి వైపు చూసింది.

నా రెండు ముక్కల్నీ ఈశ్వరి రత్నాలు పరీక్షించే ల్యాబుకి పట్టుకెళ్ళింది. అక్కడ ఊదారంగు దీపం కింద పెడితే నాలోని జిగురు పుణ్యమా అని పెళ్ళి పందిట్లో ట్యూబులైటులా వెలిగిపోయాను. దాచుకోవడానికి ఇంకేం మిగల్లేదు.

"రాయి జేడే అత్తా" అని ఇంటికొచ్చి చెప్పింది. "యాసిడ్‌లో కడిగి, రంగేసి, జిగురు నింపారంట. అలాంటివి మోగవంట. మంచివి గంటలా మోగుతాయంట."

నూకాలమ్మ ఆ పూట అన్నం తినలేదు. కట్టు కట్టిన చేత్తో, నన్ను సంచిలో వేసుకుని ఎదురింటికి వెళ్ళింది. దాలమ్మ వంటింట్లో పులుసు కలుపుతోంది.

"ఒలే, మీ అమ్మది అసలుదే. నాదే కాదు. ఆ రోజు నోరు జారేను."

దాలమ్మ గరిటె ఆపలేదు. "నీ గాజు ఏదైతే నాకేటప్పా? మా అమ్మ తెలిసే నాకు గాజుముక్కిచ్చి పోయిందేమోనని ఇన్నేళ్ళూ ఏడిసేను. ఆ మాట పదిమందిలో అన్నావు. ఇక్కడ నేనూ ఈ పొయ్యీ తప్ప ఎవులున్నారు?"

నూకాలమ్మ "గాజు పట్టుకుని రా" అని చెప్పి వీధిలోకి నడిచింది. కూరగాయల బండి చుట్టూ కాలనీ ఆడవాళ్ళంతా బెండకాయలు విరిచి చూస్తున్నారు.

"అందరూ ఇనండి" అని నన్ను తక్కెడ పళ్ళేనికి కొట్టింది. టప్‌మన్నాను. తర్వాత దాలమ్మని తన గాజు వేలికి తగిలించుకుని తట్టమంది. ఖంగుమంది. "ఇన్నారుగదా? నాది డబ్బా. దాలమ్మ వాళ్ళమ్మది జేడ్. ఆయమ్మ మోసపోలేదు, ఎవుల్నీ మోసం సెయ్యలేదు. శ్రావణ శుక్రవారం నేను కూసిందంతా తప్పు."

నిజానికి విరిగిన ముక్క ఎంత మంచి జేడైనా గంటలా మోగదు. ఆ సమయంలో ఆ సంగతి ఎత్తడం మర్యాద కాదని ఊరుకున్నాను. బండివాడు మాత్రం "అమ్మా, బెండకాయలు తూచమంటారా?" అన్నాడు.

దాలమ్మ గాజు వేసుకుంది. మర్నాడు నూకాలమ్మ కట్టు చూపించుకోవడానికి వెళ్తుంటే తనూ ఆటో ఎక్కింది.

ఇప్పుడు నాలో సగం మా ఇంటి గ్యాసు పొయ్యి పొట్టి కాలు కింద ఉంది. మిగతా సగం నూకాలమ్మ సంచిలో ఉంది. నిపుణత్వం అంత తేలిగ్గా వదిలే జబ్బు కాదు. నిన్నటిదాకా అసలు జేడ్‌కి నిపుణురాలు, ఇప్పుడు నకిలీకి. పగుళ్ళు, పసుపు తిరగడం, కంపు, అన్నీ నా మీదే చూపించి పాఠం చెబుతుంది.

మొన్న పక్కవీధి నుంచి ఒక పెళ్ళికూతురు పచ్చటి గాజు పట్టుకొచ్చింది. నూకాలమ్మ టార్చి వేసింది, చెంపకి ఆనించింది, చెంచాతో తట్టింది. అటూ ఇటూ కాని చప్పుడొచ్చింది. చాలాసేపు తిప్పి తిప్పి చూసింది.

"తెలీదమ్మా" అంది. "ల్యాబుకి పట్టుకెళ్ళు."

"నీకు తెలీకపోవడమేమిటి మామ్మా?"

"తెలీదంటే తెలీదే! ఎన్నిసార్లు సెప్పమంటావు?"

మా వంటింట్లో టీ పెడుతున్న దాలమ్మ పడీ పడీ నవ్వింది. ఆ నవ్వులో టీ పొంగి, మంట ఆరిపోయింది.