మూడో కేక

ఆస్పత్రిలో ఆ ఆయాని అందరూ మైకు అనేవారు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. పాపం, ఆవిడ తప్పేముంది? తప్పంతా ఆవిడ పుట్టిన ఊరిది. "దుప్పటి మార్చాలి, కాస్త లేవండి బాబూ" అని ఆవిడ మర్యాదగానే అనేది. మంచం మీదున్నవాడికి మాత్రం ఎవరో పోట్లాటకొచ్చినట్టుండేది. ఒకసారి గుండె జబ్బుతో ఉన్న ఒకాయన ఉలిక్కిపడి చేతిలో గ్లాసు వదిలేశాడు. అది మొదటి ఫిర్యాదు.

ఆ రోజునుంచి గొంతు మింగుకుని బతకడం నేర్చుకుంది. ఔననాలంటే తలూపేది, కాదనాలంటే చెయ్యూపేది. ఇంటికెళ్తే మాట్లాడటానికి మనిషే లేడు. భర్త పోయి ఆరేళ్ళయింది. ఒంటిగది, పలచటి గోడలు, అవతల పరీక్షలకి చదువుకునే పిల్లలు. తనలో తను గొణుక్కున్నా గోడ మీద టకటకా కొట్టేవాళ్ళు. రోజు మొత్తం మీద పది మాటలు మాట్లాడితే ఆవేళ పండగే ఆవిడకి.

ఆవిడ పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. రెండు కొండల మధ్య ఏరు, ఏటికి ఈ ఒడ్డున పాతిక ఇళ్ళు, ఆ ఒడ్డున పాతిక ఇళ్ళు. రెండూ కలిపి ఒకటే ఊరు. ఏరు బండల మీంచి దూకే చోటది. రాత్రనక పగలనక ఒకటే హోరు. ఆ హోరులో గుసగుసలాడటం ఎవడి తరం? ప్రేమించుకున్నా తిట్టుకున్నా యాభై ఇళ్ళూ వినాల్సిందే. పుట్టిన పిల్ల ఏడిస్తే చాలదు, ఏటికంటే గట్టిగా ఏడవాలి, అప్పుడే మన పిల్ల అని నవ్వేవారు.

చుట్టూ వెదురు అడవి, మేకల దారులు, జారుడు బండలు. కాలు తప్పిందా, అంతే సంగతులు. అందుకని ఊరివాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. పొద్దు కుంకగానే ఆ ఒడ్డునుంచి పడవ నడిపేవాడు కేకేసేవాడు, "ఉన్నారా?" అని. ఈ ఒడ్డున ఆవేళ వంతు ఏ ఇంటిదైతే వాళ్ళు, "ఉన్నాం!" అనాలి. "అందరూ ఉన్నారా?" అని మళ్ళీ కేక. "అందరం ఉన్నాం!" అంటే, "అయితే పడుకోండి!" అనేవాడు. అంతే, ఊరు పడుకునేది. ఒకరు తక్కువన్నా, "ఉన్నారా?" అని మూడుసార్లు పిలిచాక కూడా బదులు రాకపోయినా, దిగువన నీళ్ళు నెమ్మదించే చోట పడవ తాడు విప్పాల్సిందే. వాన గీన జాన్తా నై. ఆ ఒడ్డు మగవాళ్ళు లాంతర్లు పట్టుకుని వచ్చి వెతికేవారు. ఆ కేకలో మాత్రం అబద్ధం ఆడకూడదు. మిగతా వేళల్లో ఆ ఊరివాళ్ళేం సత్యసంధులు కారు, మేకల దగ్గరైతే మరీనూ.

ఆవిడకి పదేళ్ళప్పుడు ఒక సాయంత్రం వాళ్ళింటి వంతు వచ్చింది. అమ్మ ఎవరికో పురుడు పొయ్యడానికి వెళ్ళింది. నాన్న వెదురుకి వెళ్ళి ఇంకా రాలేదు. పిల్లకి నిద్ర ముంచుకొస్తోంది. వచ్చేస్తాడులే అనుకుని, "అందరం ఉన్నాం!" అని అరిచేసి ముసుగు తన్నింది. పడవ రాలేదు. కాలు విరిగిన నాన్న తెల్లార్లూ లోయలో పడి ఉన్నాడు. పొద్దున్న ఆ పడవాయనే కనిపెట్టి, వీపున మోసుకొచ్చి అరుగు మీద దింపాడు. నాన్న బతికున్నన్నాళ్ళూ కుంటుతూనే నడిచాడు. కూతుర్ని పల్లెత్తు మాట అనలేదు. ఒక్క చెంపదెబ్బ కొట్టినా బాగుండేదని ఆవిడ ఇప్పటికీ అనుకుంటుంది.

ఇరవయ్యేళ్ళ కిందట దిగువన ఆనకట్ట కట్టారు. ఊరు మునిగింది. వెదురు మునిగింది, మేకల దారులు మునిగాయి, పడవరేవు మునిగింది. లారీలెక్కి జనం తలో దిక్కూ పోయారు. ఆవిడ ఒక్కసారి చూడటానికి వెళ్ళింది. కొండనుంచి కొండదాకా నీళ్ళు చాపలా పరుచుకుని ఉన్నాయి, చడీ చప్పుడూ లేదు. ఊరు మునిగినందుకు కూడా అంత ఏడవలేదు, ఏరు నోరు మూసుకున్నందుకు ఏడ్చింది.

అలాంటిది, మూడు రోజుల కిందట ఆవిడ డ్యూటీ మగవాళ్ళ వార్డుకి మారింది. అక్కడ పదకొండో మంచం మీద ఒక ముసలాయన ఉన్నాడు. అంతకు తొమ్మిది రోజుల ముందు రోడ్డు పక్కన పడి ఉంటే ఎవరో తెచ్చి చేర్చారట. పేరు చెప్పడు, నా అన్నవాళ్ళు లేరు. పగలంతా బుద్ధిగా పడుకుంటాడు. సాయంత్రమయ్యేసరికి కిటికీవైపు తిరిగి పొలికేక పెడతాడు. మూడుసార్లు అరుస్తాడు, తరవాత మంచం దిగి మెట్లవైపు పరిగెడతాడు. వార్డుబాయ్‌లు ఇద్దరు పట్టుకొచ్చి గాజుగుడ్డతో మణికట్లు మంచానికి కట్టేస్తారు. తెల్లారేసరికి ఆ కట్లకింద చర్మం లేచిపోయి ఉంటుంది. మతి పోయిందన్నారు డాక్టరుగారు. పిచ్చాస్పత్రికి పంపించెయ్యమని కాగితం రాశారు.

మొదటి సాయంత్రం ఆ కేక విని ఆవిడ చేతిలో బెడ్‌పాన్ జారిపోయింది. అందరికీ అది ఉత్త అరుపు. ఆవిడకి మాత్రం అక్షరం అక్షరం అర్థమయింది.

"ఉన్నా...రా...?"

ఓరి దేవుడా! పడవ తాత! పిచ్చేమిటి పిచ్చి, మనిషి డ్యూటీలో ఉన్నాడు! తొమ్మిది రోజులుగా ఆ ఒడ్డునుంచి బదులు రావడంలేదు, ఏమయ్యారో చూడ్డానికి పడవ తియ్యబోతున్నాడు. వీళ్ళేమో కట్టేస్తున్నారు.

ఆవిడ ఒళ్ళు మరిచిపోయి మంచం దగ్గరికి పరిగెత్తింది. "తాతా! నేను తాతా! కుంటాయన కూతుర్ని! ఉన్నాం, అందరం ఉన్నాం, నువ్వు పడుకో!" అని అరిచింది. వార్డు వార్డంతా లేచి కూచుంది.

ముసలాయన పొరలు కమ్మిన కళ్ళతో ఎగాదిగా చూశాడు. "నువ్వెవరమ్మా? నా పక్కన నిలబడి ఉన్నామంటే ఎలా కుదురుతుంది? బదులు ఆ ఒడ్డునించి రావాలి" అని విసుక్కుని, తలుపువైపు కాలు దింపాడు.

అది రెండో ఫిర్యాదు. పెద్ద సిస్టరు ఆవిణ్ణి గదిలోకి పిలిచి తలుపేసింది. మంచి మనిషే. "చూడు, ఇంకొక్కసారి నీ గొంతు వినపడిందంటే నేనూ అడ్డం పడలేను" అంది.

"పిచ్చి కాదు సిస్టరమ్మా. మా ఊళ్ళో అలాగే పిలుచుకునేవాళ్ళం."

"ఏది మీ ఊరు? ఎక్కడుంది?"

"ఇప్పుడు లేదమ్మా."

"లేని ఊరిని పట్టుకుని ఎవరిని ఒప్పించమంటావు నన్ను? పొద్దున్నే బండి వస్తుంది ఎల్లుండి."

ఆ ఎల్లుండి రేపటికొచ్చింది. పొద్దు వాలుతోంది. ఆవిడ ఉతికిన దుప్పట్లు తెచ్చే నెపంతో ముంగిలి దాటి ఎదుటి భవనం మేడెక్కింది. తాళ్ళ మీద తెల్లటి దుప్పట్లు వరసలుగా ఆరుతున్నాయి. అవతల, ముంగిలికి ఆ పక్క, రెండో అంతస్తులో పదకొండో మంచం కిటికీ తెరిచి ఉంది. కింద అంబులెన్సులు, మందుల చీటీలు పట్టుకుని తిరిగే జనం. ఏరంత వెడల్పు లేదుగానీ, ఈ మాత్రం చాలు.

"ఉన్నా...రా...?"

మొదటి కేక. ఆవిడ నోరు తెరవబోయి కిందనున్న జనాన్ని చూసింది. ఈ ఉద్యోగం పోతే ఈ వయసులో ఈ గొంతుని ఎవరు పనిలో పెట్టుకుంటారు?

"ఉన్నా...రా...?"

రెండో కేకకి బదులివ్వబోతే ఆవిడ గొంతు చిట్లింది. కింద ఎవరో నవ్వారు. కిటికీలో వార్డుబాయ్ గాజుగుడ్డ చుట్ట విప్పుతూ కనిపించాడు.

"ఉన్నా...రా...?"

"ఉన్నాం!"

ఇరవయ్యేళ్ళుగా మింగిన గొంతంతా ఒక్కసారి బయటికొచ్చింది. పిట్టగోడ మీద పావురాలు లేచిపోయాయి. కిటికీల నిండా తలకాయలు మొలిచాయి. కింద నడిచేవాళ్ళు నడిచినచోటే ఆగి మేడవైపు చూశారు. ఆవిడకి అవేవీ పట్టలేదు. ఆ కిటికీనే చూస్తోంది.

తరవాత ముసలాయన గొంతు, నిలబడ్డానికి నేల దొరికినవాడి గొంతులా, నిదానంగా వచ్చింది.

"అందరూ ఉన్నారా?"

అయ్యో! ఆవిడ ఇంత ఆలోచించి ఈ రెండో ప్రశ్న సంగతి మరిచేపోయింది. ఒక్కొక్కరినీ లెక్కపెడుతూ చేతివేళ్ళు వాటంతటవే ముడుచుకోవడం మొదలెట్టాయి. నాన్న లేడు. అమ్మ లేదు. పక్కింటి అత్త లారీ దిగిన ఏడాదికే పోయింది. మేకల బాబాయి ఎక్కడున్నాడో తెలీదు. ఎదురింటి కవలలు ఏ దేశం పోయారో. యాభై ఇళ్ళలో ఎవరున్నారో ఎవరు లేరో చెప్పగలిగే మనిషే లేడు. అరుగు మీద నాన్న కుంటి అడుగుల చప్పుడు చెవిలో ఆడింది. అబద్ధం ఆడకూడదు ఈ కేకలో. నిజం చెప్తే ముసలాయన తాడు విప్పుతాడు, వాళ్ళు కట్టేస్తారు, పొద్దున్న బండి వస్తుంది.

పిట్టగోడని రెండు చేతులా పట్టుకుంది.

"అందరం ఉన్నాం!"

"అయితే పడుకోండి!" అన్నాడు పడవ తాత.

ఆవిడ దుప్పట్ల మధ్య కూలబడి ఏడ్చింది. అక్కడ ఏడిస్తే ఎవరికీ వినపడదు.

ఎంతసేపటికో పెద్ద సిస్టరు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. పక్కనే గట్టు మీద కూచుంది.

"పడుకున్నాడు. ఇన్ని రోజుల్లో సూది లేకుండా పడుకోవడం ఇదే. కట్టొద్దన్నాను. డాక్టరుగారికి ఫోన్ చేశాను, బండి ఆగుతుంది." కొంగుతో మొహం తుడుచుకుంది. "నీ సంగతే... ఆస్పత్రంతా విన్నారు. కాగితం రాయక తప్పదు నాకు."

ఆవిడ తలూపింది.

"ఇంతకీ రెండోసారి ఏమడిగాడే?"

"అందరూ ఉన్నారా అని."

"నువ్వేమన్నావు?"

ఆవిడ పెదాలు కదిలాయి. "అబద్ధం చెప్పానమ్మా" అంది.

"ఏంటీ? వినపడలేదు. కాస్త గట్టిగా చెప్పు" అంది పెద్ద సిస్టరు, దగ్గరకి జరుగుతూ.