ఒక్క గడపకే

పొగ తన వైపే తిరగడంతో ముసలి లమెకి కళ్ళు చికిలించుకుని డేగిసాకు అవతలి పక్కకు జరిగాడు. చేతిలో తెడ్డు మాత్రం ఆపలేదు. ఆపితే జావ అడుగంటుతుంది. అతని నడుమెత్తు ఉండే ఆ కర్ర తెడ్డును రెండు చేతులా పట్టుకుని, ముందుకు వంగి, పడవ నడిపేవాడిలా కలుపుతున్నాడు. మొక్కజొన్న పిండీ సోయా పిండీ కలిసిన జావ చిక్కబడి, బుడగలు లేచి, టప్ టప్‌మని పగులుతోంది. దగ్గు వచ్చినప్పుడల్లా ముఖం పక్కకు తిప్పి మోచేతి మడతలో దగ్గుతాడు. ఎడమచేతి రెండు వేళ్ళకు గోళ్ళు లేవు. జొహన్నెస్‌బర్గ్ బంగారు గనిలో రాయి పడి పోయాయి. దగ్గు కూడా అక్కడిదే.

నెత్తిన నీళ్ళ బకెట్టుతో ఎనెలెసి వచ్చింది. చనిపోయిన అతని భార్యకు పినతల్లి కూతురు ఆమె.

"ఏం బావా, ఇవాళైనా ఉప్పేశావా, లేకపోతే అత్తగారి ఊరి మీద అలకా?"

"నీ నోట్లో ఉన్నంత వేశాను మరదలా. చాలదంటావా?"

"అబ్బో! మగాడి చేతికి గరిటిస్తే నాలుక కూడా పదునెక్కుతుందన్నమాట." ఆమె బకెట్టు దించి, నవ్వుతూనే పొయ్యిలోకి కట్టె ఎగదోసింది.

ఆ వైపు మగవాళ్ళందరిలాగే లమెకి కూడా పెళ్ళి చేసుకుని భార్య ఊరికి ఇల్లరికం వచ్చినవాడే. భార్య పోతే అల్లుడు తన గొడ్డలీ దుప్పటీ సర్దుకుని తల్లి ఊరికి వెళ్ళిపోవాలి. అతని భార్య జెలిఫా పోయి కొన్ని వానకాలాలు గడిచాయి. పుట్టిన పిల్లలు ఆమెకంటే ముందే పోయారు. లమెకి వెళ్ళలేదు. వెళ్ళడానికి తల్లి ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. ఆమె పోయిన ఏడాదే ఊరి ఆడవాళ్ళు తల్లీ తండ్రీ లేని పసివాళ్ళకు జావ పొయ్యడానికి ఈ పాక వేశారు. ఊపిరి చాలక గనిలోకి దిగలేకపోయిన రోజుల్లో లమెకి కూలీల వంటశాలలో పనిచేశాడు. అంత పెద్ద డేగిసా ముందు ఎలా నిలబడాలో తెలిసినవాడు ఊళ్ళో అతనొక్కడే. ఉండమని ఎవరూ అనలేదు, పొమ్మని కూడా అనలేదు. తెడ్డు చేతిలో ఉన్నంతకాలం ఆ సంగతి ఎవరికీ గుర్తు రాదని అతని ధీమా.

పిల్లలు రావడం మొదలైంది. కొందరి తల్లిదండ్రుల్ని ఎవరూ పేరెత్తని ఆ జబ్బు తీసుకుపోయింది, ఇంకొందరి తల్లిదండ్రుల్ని వరద. ఒకడి తల్లి పట్నంలో ఉందంటారు, ఎక్కడో ఎవరికీ తెలియదు. కప్పులు పట్టుకుని, తోసుకుంటూ, తిట్టుకుంటూ వరసకట్టారు. లమెకి పోస్తూనే మధ్యమధ్య దారి వైపు చూస్తున్నాడు.

"తియాంజనె రాలేదే?"

"వస్తుందిలే. తమ్ముడు బట్టలు తడుపుకుని ఉంటాడు," అంది ఎనెలెసి.

తియాంజనెకు ఏడేళ్ళుంటాయేమో. తమ్ముడు లింబనిని వీపున గుడ్డతో కట్టుకుని వస్తుంది. వాడి బరువుకు మెడ ముందుకు వంగి, ముసలిదానిలా నడుస్తుంది. జావ ముందు తన పెదవికి తాకించి, చల్లారిందని తేలాకే వాడి నోట్లో పెడుతుంది. వాడి కడుపు నిండేవరకు తను ముట్టదు. అందుకని లమెకి ఆ పిల్ల కోసం అడుగున చిక్కటి జావ మిగిల్చి ఉంచుతాడు. పిల్లలందరూ సమానమేనని నోటితో అనేవాడే.

పాక ఖాళీ అయినా ఆ పిల్ల రాలేదు. లమెకి మిగిలిన జావ మూత ఉన్న డబ్బాలో పోసుకుని బయలుదేరాడు. ములాంజె కొండ మీద మబ్బు దుప్పటిలా పరుచుకుని ఉంది. కంది చేల మధ్య కాలిబాటలో ఎత్తు వచ్చినచోటల్లా ఆగి, ఊపిరి తీసుకుని నడిచాడు.

తియాంజనె గుమ్మం ముందు తమ్ముణ్ణి వీపున వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. అతన్ని చూసి వేలు పెదాల మీద పెట్టింది.

"మెల్లగా తాతా. అవ్వ పడుకుంది."

"ఎప్పట్నుంచమ్మా?"

"నిన్న పొద్దుగూకినప్పట్నుంచీ. వీడు ఏడిస్తే లేస్తుందని ఇక్కడే తిప్పుతున్నా."

లోపల చీకటిగా ఉంది. చాప మీద ఎసితెలె అవ్వ పక్కకు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని ఉంది. లమెకి ఆమె పాదం పట్టుకుని చూశాడు. పొద్దుటి మట్టిలా చల్లగా ఉంది. ఎందరినో అలా పట్టి చూసిన చెయ్యి అది. దుప్పటి ముఖం మీదికి లాగి, కాసేపు అలాగే గొంతుక్కూర్చున్నాడు.

బయటికి వచ్చి కేక వెయ్యాలి. అది పద్ధతి. కేక వేస్తే ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొస్తారు. పిల్లల్ని ఎవరో రెక్క పట్టి పక్కింటి వాకిట్లో కూలేస్తారు. ఇంటినిండా ఏడుపే. సాయంత్రం దాకా వీళ్ళ కడుపుల మాట ఎవరికీ తోచదు. అతను తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు.

"రా తల్లీ, అరుగు మీద కూచుని తిందాం."

లింబనిని తన ఒళ్ళో కూచోబెట్టుకుని తినిపించాడు. "ఇవాళ వీణ్ణి నేను చూసుకుంటా, నువ్వు తిను," అన్నాడు. తియాంజనె మొదట వాడి నోటి వంకే చూస్తూ కూచుంది. తర్వాత డబ్బాను రెండు చేతులా పట్టుకుని, తల ఎత్తకుండా తింది. డబ్బా అడుగును వేలితో తుడిచి నాకేదాకా ఆగాడు.

"తల్లీ, అవ్వ ఇంక లేవదు."

ఆ పిల్ల వేలు నోట్లోనే ఉంచుకుని అతని వంక చూసింది.

"అమ్మలాగానా?"

"అమ్మలాగానే."

తియాంజనె అతని ఒళ్ళోంచి తమ్ముణ్ణి తీసుకుని, వీపున వేసుకుని, గుడ్డ ముడి గట్టిగా బిగించింది. "అయితే తలుపు వేసే ఉంచు తాతా. కోళ్ళు లోపలికి పోతాయి."

అప్పుడు లమెకి వాకిట్లోకి వచ్చి కేక వేశాడు. సగంలోనే దగ్గు అడ్డుపడింది. అయినా వినబడవలసినవాళ్ళకు వినబడింది.

మర్నాడు పూడ్చిపెట్టి వచ్చాక అవ్వ వంశంవాళ్ళు మామిడిచెట్టు నీడన కూచున్నారు. అల్లుళ్ళు వెనకాల, కట్టెల మోపు దగ్గర. లమెకి అరచేతులు పార పట్టి బొబ్బలెక్కాయి. పిల్లల మేనమామ బెనెటి టీ తోటల నుంచి వచ్చాడు. అక్క పిల్లల మీద హక్కు అతనిదే. చెడ్డవాడు కాదు. దుమ్ము కొట్టుకున్న చొక్కాతో, తల దించుకుని మాట్లాడాడు.

"ఇద్దర్నీ సాకే స్తోమతు నాకు లేదు. దాచుకోవడం ఎందుకు? పిల్లాణ్ణి తీసుకుపోతా. పిల్ల ఇక్కడే ఎనెలెసి దగ్గరుంటుంది. పనికి సాయముంటుంది."

అందరూ తలలూపారు. లమెకి మనసు తేలికపడింది. పిల్ల ఊళ్ళోనే ఉంటుంది. పొద్దున్నే పాకకు వస్తుంది. అడుగు జావ తాగుతుంది. ఇంతలో గోడ వారగా ఉన్న తియాంజనె కనిపించింది. బెనెటి భార్య లింబనిని ఒళ్ళో పెట్టుకుని చిలగడదుంప ముక్క తినిపిస్తోంది. తియాంజనె వీపు ఖాళీగా ఉంది. చేతులు మాత్రం వెనక్కి పోయి, లేని బరువును ఎగదోస్తున్నాయి.

లమెకి లేచి నిలబడ్డాడు.

"అల్లుళ్ళకి ఇక్కడ మాట లేదు," అన్నాడు బెనెటి.

"గొయ్యి తవ్వడానికి అల్లుడే కావాల్సొచ్చాడుగా! చెప్పనివ్వు," అని కసిరింది ఎనెలెసి.

లమెకి టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. "మా అమ్మ పోయినప్పుడు నన్నొక మామ, మా తమ్ముణ్ణి ఇంకో మామ తీసుకుపోయారు. ఎవరూ మాకు అన్యాయం చెయ్యలేదు. ఇద్దరికీ ముద్ద పెట్టారు. మళ్ళీ వాణ్ణి ఒక సంతలో చూశాను. మీసాలొచ్చేశాయి. దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకుంటే, 'అయ్యా, తమరెవరు?' అన్నాడు." టోపీతోనే పిల్లల వైపు చూపించాడు. "వీళ్ళని ఎవరికైనా ఇవ్వండి. ఒక్క గడపకే ఇవ్వండి."

"నువ్వు సాకుతావా ఏం?" ఎవరో అడిగారు.

"నా దగ్గు మీరు వింటూనే ఉన్నారు. నాకిమ్మని అడగడం లేదు."

చివరికి అవ్వ చెల్లెలు లెఫినా గొంతు సవరించుకుంది. ఆమెది ఏటికి అవతల, ఫలోంబె పట్నం దాటి వెళ్ళాల్సిన ఊరు.

"నా ఇంట్లో ఇప్పటికే గంపెడు మంది. ఇంకో ఇద్దరొస్తే ముద్ద చిన్నదవుతుంది, అంతేగా. ఇద్దర్నీ ఇటివ్వండి. కానీ మా ఊరు దూరం. మాటిమాటికీ తీసుకురాలేను, ఇప్పుడే చెబుతున్నా."

బెనెటి ఊపిరి వదిలి తలూపాడు. ఎనెలెసి వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి, "పిచ్చి బావా! నోరు మూసుకుని కూచుంటే పిల్ల రోజూ నీ కళ్ళముందే తిరిగేది," అంది.

"తెలుసు," అన్నాడు లమెకి.

తెల్లవారాక, పాకలో జావ పొయ్యడం అయ్యే వేళకు వాళ్ళు బయలుదేరారు. లెఫినా నెత్తిన మూట. తియాంజనె వీపున తమ్ముడు. పొయ్యి దగ్గరికొచ్చి నిలబడింది.

"తాతా, అక్కడ జావ ఎవరు కాస్తారు?"

"లెఫినా అవ్వ."

"ఆమెకి చాతనవుతుందా?"

"కాకపోతే నువ్వు చెప్పు."

ఆ పిల్ల ఆలోచించి, సరేనన్నట్టు తలూపి, మెడ ముందుకు వంచి నడిచింది. కంది చేలు దాటేవరకు లింబని నెత్తి మీది ఎర్ర టోపీ కనిపించింది. తర్వాత కనిపించలేదు.

అవ్వ ఇంటికి గడియ పెట్టమని బెనెటి చెప్పి వెళ్ళాడు. మధ్యాహ్నం లమెకి వెళ్ళి తలుపు వేసి, చూరు కింద చెదపురుగు దులిపి, ఇంటి వెనక్కి వెళ్ళాడు. అక్కడ గోడ నీడలో, తియాంజనె ఆడుకునే చోట, మూడు గులకరాళ్ళ మీద ఒక ఖాళీ చేపల డబ్బా ఉంది. దాని పక్కనే కడిగిన నత్తగుల్లలు వరసగా పెట్టి ఉన్నాయి, రెండు చిన్నవి, ఒకటి పెద్దది, దాని పక్కన తెడ్డులా ఒక పుల్ల. మూడింట్లోనూ మట్టిజావ వడ్డించి ఉంది. చిన్నవాటిలో ఎండి బీటలిచ్చింది. పెద్దదానిలో ఆ పొద్దున్నే నిండా పోసినది ఇంకా తడి ఆరలేదు.