చేను మీద చక్కర్లు

ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి. ఆదివారం వచ్చిందంటే గట్టు ఊళ్లో మగవాళ్లంతా ఏ చాయ్ హోటలు బల్ల మీదో, ఏ కోడికూర ముందో కుదురుకుంటారు. మోటార్లు రిపేరు చేసే తిరుపతి మాత్రం థర్మాకోల్ విమానం చంకన పెట్టుకుని ఊరవతలి బీడుకు బయలుదేరుతాడు. కాసేపటికి గద్వాల నుంచి శ్రవణ్ కుమార్ బండి మీద దిగుతాడు, వీపుకు ఇంకో విమానం కట్టుకుని. ఒకడు నలభై దాటినవాడు, ఇంకొకడు ఇద్దరు పిల్లల తండ్రి. ఇద్దరూ చేతుల్లో రిమోట్లు పట్టుకుని, మెడలు పైకెత్తి, నోళ్లు తెరుచుకుని నిలబడితే దారిన పోయేవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

శ్రవణ్ వాళ్లది గద్వాల చీరలు నేసే ఇల్లు. మగ్గం మీద ఒక్క పోగు తెగినా నాలుగు గజాల దూరం నుంచి పట్టేసే కళ్లు అతనివి. మూడేళ్ల కింద విమానంలోని నిమ్మకాయంత మోటారు కాలిపోతే, దానికి తీగ చుట్టేవాడి కోసం వెతుక్కుంటూ తిరుపతి షాపుకు వచ్చాడు. తిరుపతి అంతకుముందు బావుల మోటార్లు, బోరు మోటార్లు తప్ప ఇంకేమీ ముట్టలేదు. చుట్టి ఇచ్చి, అది పనిచేస్తుందో లేదో చూద్దామని బీడు దాకా వెంట వెళ్లాడు. ఆ సాయంత్రం విమానం పైకి లేచి ఎండలో తళుక్కుమనేసరికి అతని బతుకులో ఒక ఆదివారం చేరింది. ఆ తర్వాత ఇంకే ఆదివారమూ షాపు తెరవలేదు.

రెక్కల మీద రంగు కాగితం అంటించడం శ్రవణ్ పని. పైన పసుపు, కింద ఎరుపు. ఏ రంగు కనిపిస్తుందో చూసుకుంటే విమానం ఎటు వంగిందో కింద ఉన్నవాడికి తెలిసిపోతుంది. ఇద్దరి మధ్యా ఒక కట్టుబాటు కూడా ఉంది. ఒకరి విమానం దూరంగా పడిపోతే, రెండోవాడు తన విమానాన్ని పడిన చోటు మీదికి పోనిచ్చి గుండ్రంగా చక్కర్లు కొట్టిస్తాడు. పోగొట్టుకున్నవాడు తలెత్తి చూసుకుంటూ ఆ చక్కర్ల కిందికి నడిచిపోతాడు. మూడేళ్లలో ఆ చక్కర్లు ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు.

ఆ ఆదివారం వాళ్లు విమానాలు బిగించుకుంటుండగా దశరథం బండి ఆపాడు. బీడు దిగితే చిన్న వాగు, వాగు దాటితే అతని మొక్కజొన్న చేను. తిరుపతికి వరసకు మామ అవుతాడు.

"ఏం తిరుపతి, మీ ఇమానం గద్వాల దాక పోతదా? పోతె నన్ను గూడ ఎక్కిచ్చుకో."

"నీ బరువుకు లేవదు మామ. యాడికి పోతున్నవ్?"

"మా అక్క బాలనాగమ్మను దవాఖానల షరీకు జేసిండ్రు. రాత్రికి ఆడనే ఉంట." దశరథం తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "మక్క కంకి పాలు పోసుకుంటుంది. పందుల పరేషాన్ మళ్ల షురువైంది. ఏదో నువ్వు చేసిచ్చిన పని ఉండబట్టి..."

అంటూ శ్రవణ్ వైపు చూసి మాట మింగేశాడు. తిరుపతి వెంటనే వంగి విమానం చక్రాన్ని అక్కర లేకుండా బిగించసాగాడు. దశరథం బండి వెళ్లిపోయింది.

"ఏం పని జేసిచ్చినవన్నా?" అని శ్రవణ్ ఊరికే అడిగాడు.

"మోటారు పని," అన్నాడు తిరుపతి.

మోటారు పని కాదు. కిందటేడు అడవి పందుల మంద ఒక్క రాత్రిలో దశరథం చేనును దున్నినట్టు దున్నేసింది. మరునాడు ఆ మనిషి తిరుపతి షాపు బల్ల మీద కూర్చుని, మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. పెళ్లాం పోయినప్పుడు కూడా పదిమందిలో ఏడవని మనిషి అలా ఏడిస్తే ఎవరికి మనసు కరగదు? తిరుపతి బైండింగ్ వైరు చుట్ట తీసుకుని చేనుకు పోయాడు. చుట్టూ గూటాలు పాతి, మోకాలంత ఎత్తున వైరు లాగి, మోటారు దగ్గరి కరెంటు దానికి ఇచ్చాడు. నేరమని తెలియదా అంటే తెలుసు. అలాంటి వైర్లు తగిలి మనుషులు పోయిన వార్తలు పేపరు మూలల్లో ఏటా చదువుతూనే ఉన్నాడు. అందుకే తన తెలివి కొద్దీ ఒక జాగ్రత్త కూడా పెట్టాడు. వైరులో కరెంటు ఉన్నంతసేపూ వెలిగేలా కొట్టం గుంజకు ఒక ఎర్ర జీరో బల్బు తగిలించాడు. "చీకటి పడ్డంక వెయ్యి, పొద్దుగాల్నే తియ్యి. బల్బు వెలిగిందంటె ఎవ్వరు గూడ దగ్గరికి పోవద్దు" అని చెప్పాడు. ఆ బల్బును చూసుకుని కొంచెం మురిసిపోయాడు కూడా. తర్వాత ఇంకొందరు రైతులు వచ్చి మాకూ చేసిపెట్టమన్నారు. ఒకరికి చేసి ఇంకొకరికి కాదనడం ఎలా? ఎండాకాలంలో గొర్లు కాసే వెంకటన్న కుక్క ఎవరిదో చేను గట్టున నోరు తెరుచుకుని పడి ఉందని విన్నాడు. ఎవరి చేనో అడగలేదు.

కంచే చేను మేస్తే ఎలా అంటారు. మనుషుల్ని మేసే కంచె గురించి పెద్దలు సామెత కట్టలేదు, వాళ్లకు ఆ అవసరం రాలేదు.

గాలి బాగుంది. విమానాలు రెండూ పైకి లేచి, ఒకదాని వెంట ఒకటి పోతూ చాలాసేపు ఆడాయి. పొద్దు వాలుతుండగా శ్రవణ్ విమానం తోక ఒక్కసారిగా వదులైంది. అది ముక్కు దించుకుని వాగు మీదుగా జారిపోయి, దశరథం మొక్కజొన్నలో మునిగింది. చప్పుడు కూడా వినపడలేదు.

"పాయె," అని శ్రవణ్ నవ్వాడు. రిమోటూ ఫోనూ తువ్వాలు మీద పెట్టి చెప్పులు తొడుక్కున్నాడు. "జర తిప్పుతుండన్నా. నేను పోయి తెస్త."

తిరుపతికి వైరు గుర్తొచ్చింది. ఇంకా వెలుతురు ఉంది. వైరులో కరెంటు వేసేది చీకటి పడ్డాక. పైగా వేసే మనిషి గద్వాలలో ఉన్నాడు, ఈ రాత్రి అసలు వేసేవాడే లేడు. ఇప్పుడు వైరు సంగతి చెబితే ఎవరు లాగారన్న ప్రశ్న వస్తుంది. ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాడు.

"పో. తిప్పుతుంట," అన్నాడు.

శ్రవణ్ బీడు దిగి వాగు వైపు నడిచాడు. తిరుపతి తన విమానాన్ని మొక్కజొన్న మీదికి తీసుకుపోయి చక్కర్లు మొదలుపెట్టాడు. పసుపు, ఎరుపు, పసుపు, ఎరుపు. మిట్ట మీది నుంచి చూస్తే శ్రవణ్ తెల్ల చొక్కా వేలెడంత అయ్యింది. పొద్దు గుట్ట వెనక్కి దిగింది. చేను మీద వెలుగు తగ్గింది.

అప్పుడు దశరథం కొట్టం దగ్గర ఏదో ఎర్రగా కనిపించింది.

రేకు మీద పడిన ఎండేమో అనుకున్నాడు. ఎండ లేదు. రెప్ప ఆర్పకుండా చూశాడు. ఆ ఎరుపు ఆరలేదు, చుట్టూ మసక ముదిరేకొద్దీ ఇంకా చిక్కబడింది. రాత్రికి వేసేవాళ్లు ఉండరని, దశరథం పోయే ముందే పట్టపగలు వైరుకు కరెంటు వేసి పోయాడు. బల్బు మధ్యాహ్నం నుంచీ వెలుగుతూనే ఉంది. ఎండలో జీరో బల్బు ఎవరికి కనపడుతుంది? తను ఏడాదిగా మురిసిపోయిన జాగ్రత్త చీకట్లో తప్ప పనికిరాదని తిరుపతికి అప్పుడు తట్టింది.

"శ్రవణ్! ఓ శ్రవణ్! ఆగు!"

గాలి ఎదురుగా వీస్తోంది. కేక అతని మొహం మీదికే తిరిగి వచ్చింది. పరుగెత్తాలన్నా శ్రవణ్ అప్పటికే వాగు దాటి అవతలి గట్టు ఎక్కుతున్నాడు. తిరుపతి బీడు సగం దిగేలోపు అతను చేను అంచున ఉంటాడు. పైన విమానం ఇంకా చక్కర్లు కొడుతోంది. ఇక్కడికి రా, ఇక్కడికి రా అని పిలుస్తోంది. పిలుస్తున్నది తన వేళ్లే.

విమానాన్ని కిందికి దూకించాడు. అది శ్రవణ్ తల మీదుగా రివ్వున పోయింది. శ్రవణ్ తల వంచి తప్పించుకున్నాడు. మళ్లీ తిప్పి, మళ్లీ దూకించాడు. ఈసారి శ్రవణ్ చెయ్యెత్తి ఊపాడు, చేను వైపు చూపించాడు. సరే, తెలిసింది, జల్ది పోతున్నలే అన్నట్టు. నడక వేగం పెంచాడు.

మూడేళ్లుగా తిరుపతి ఆ మనిషికి విమానంతో నేర్పింది ఒక్కటే మాట, రమ్మని. వద్దు అనే మాట నేర్పలేదు.

విమానాన్ని ఎడమకు లాగాడు. చేనుకు దూరంగా, వాగు అవతలి ఒడ్డు బీడులో ఒంటరి తుమ్మచెట్టు ఉంది. దాని మీద చక్కర్లు కొట్టించాడు. ఇక్కడ పడింది, ఇక్కడికి రా. శ్రవణ్ ఆగాడు. నడుము మీద చేతులు పెట్టుకుని చెట్టు వైపు చూశాడు, చేను వైపు చూశాడు. విమానం చేనులో పడడం తన కళ్లతో చూసినవాడు కదా. మళ్లీ చేను వైపే అడుగేశాడు. ఇంకో అడుగు. ఆ మసకలో మోకాలెత్తున ఉన్న వైరు ఎంత మంచి కళ్లకైనా ఆనదు.

రిమోటు బీప్ బీప్ మంటోంది, బ్యాటరీ అయిపోవచ్చింది. రెక్కల మీద పసుపూ లేదు ఎరుపూ లేదు, రెండూ నలుపే. విమానం వస్తోందో పోతోందో తెలియడం లేదు. దశరథం చేను అంచుకూ శ్రవణ్ చొక్కాకూ మధ్య ఖాళీ కనపడడం మానేసింది. తిరుపతి ఒక్కసారి కళ్లు మూసుకుని తెరిచాడు. రిమోటు మీది పుల్లను పూర్తిగా ముందుకు తోశాడు.

విమానం నిట్టనిలువునా తుమ్మచెట్టులోకి పడింది. కొమ్మలు విరిగిన చప్పుడు మిట్ట మీదికి కూడా వినిపించింది.

శ్రవణ్ గిరుక్కున తిరిగాడు. తన విమానాన్ని వదిలేశాడు, తిరుపతి విమానం కోసం చెట్టు వైపు పరుగెత్తాడు. అతను అలాంటివాడు. తిరుపతి నమ్ముకున్నదీ ఆ మంచితనాన్నే.

తిరుపతి రిమోటు విసిరేసి పరుగెత్తాడు. బీడు దిగి, వెంకటన్న గొర్ల దొడ్డి పక్కనుంచి, ఒకరి పల్లి చేను గట్టు వెంట, వాగు నీళ్లలో పడి లేచి పరుగెత్తాడు. చెట్టు దగ్గరికి చేరేసరికి శ్రవణ్ విరిగిన రెక్కను చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏందన్నా, గింత ఖరాబయింది. నాది చేన్ల పడితె నువ్వు ఈడ తిప్పవడితివేంది?"

తిరుపతికి ఊపిరి అందలేదు. అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి వెచ్చగా ఉంటే ఏడుపొచ్చింది.

"చేనుకు కరెంటు పెట్టిండ్రు," అన్నాడు చివరికి. "పందులకు."

శ్రవణ్ చేను వైపు చూశాడు. కొట్టం గుంజకు ఎర్ర బల్బు వెలుగుతోంది. అతను వెనుదిరిగిన చోటు చేను అంచుకు ఎంతో దూరం లేదు.

"నీకెట్ల ఎరుక?"

అబద్ధం ఇంకొకటి చెప్పొచ్చు. మధ్యాహ్నం చెప్పినంత సులువుగానే చెప్పొచ్చు. కానీ శ్రవణ్ అతని మొహాన్నే చూస్తున్నాడు, తెగిన పోగును వెతికే కళ్లతో.

"నేనే గుంజిచ్చిన," అన్నాడు తిరుపతి. "గా బల్బు గూడ నేనే పెట్టిన."

"మోటారు పని అంటివి."

"అంటి."

"మూడేండ్ల సంది ఈడికి వస్తున్న. నా పిల్లల్ని గూడ తోల్కొచ్చిన రెండుసార్లు. ఒక్కనాడు చెప్పకపోతివి."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు తిరుపతి ఫోను తీసి దశరథానికి కొట్టాడు. మోగి మోగి ఆగిపోయింది. తలెత్తి చూస్తే చీకటి దిగిన మెట్టల మీద చేన్ల కొట్టాలు కనిపించాయి. వాటి దగ్గర ఎర్ర చుక్కలు ఒక్కొక్కటీ వెలుగుతున్నాయి. వాగు పక్కన ఒకటి, గుట్ట కింద రెండు, ఇప్పుడే తను గట్టు వెంట పరుగెత్తి వచ్చిన పల్లి చేను దగ్గర ఒకటి. చూసుకోకుండా వచ్చాడు. ఏ వైరు తను లాగిందో, దేన్ని రైతులు ఆ తర్వాత వాళ్ల చేతులతో ఎంత దూరం పొడిగించుకున్నారో తనకే తెలియదు. ఏ ఆదివారమో శ్రవణ్ పిల్లలు ఈ గట్ల మీదే గంతులేశారు.

"నేను పోయి బంద్ జేసొస్త," అన్నాడు, ఫోను లైటు వేసి నేల మీదికి తిప్పుతూ. "నువ్వు నా ఎనుక రా. నా అడుగుల అడుగెయ్యి."

నాలుగు అడుగులు నడిచాడు. వెనక అడుగుల చప్పుడు వినపడలేదు. తిరిగి చూశాడు. చక్కర్లు చూపిస్తే చాలు, కళ్లు మూసుకుని వచ్చే మనిషి చెట్టు మొదట్లో కూర్చుని, విరిగిన రెక్కను ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

"నువ్వు పో అన్నా," అన్నాడు శ్రవణ్. "నేను తెల్లారినంక వస్త."

తెల్లారితే ఆ బల్బులు కనపడవని చెప్పడానికి తిరుపతికి నోరు రాలేదు.