ఒక బటను ఎక్కువ

మొదట్లో నా దగ్గర ఉన్నవి ఇవి. జగ్గయ్యపేట ముక్త్యాల రోడ్డులో సొంత షాపు. సిమెంటు ఫ్యాక్టరీలకు, క్వారీలకు కన్వేయరు రోలర్లు, బేరింగులు, బెల్టులు సరఫరా చేసే వ్యాపారం. బల్ల మీద ఒక కంప్యూటరు, అందులో నొక్కీ నొక్కకముందే తెరుచుకునే మెయిలు ప్రోగ్రాము. నందిగామలో ఒక తోడల్లుడు. మొదటి మూడూ నేను సంపాదించుకున్నవి. నాలుగోది పెళ్లితో వచ్చింది.

కిషోర్‌బాబు మా ఆవిడ రాజ్యశ్రీ చెల్లెలి భర్త. మా మామగారు దశరథరామయ్యగారిది చందర్లపాడు. అల్లుళ్లిద్దరూ ఆయనకు సమానం. ఒకరికి పంచె పెడితే రెండోవారికీ అదే అంచు పంచె. మామిడికాయలు పంపితే రెండు బుట్టలూ దగ్గరుండి లెక్కపెట్టించేవారు. ఒకసారి ఒక కాయ మిగిలితే దాన్ని కోయించి చెరిసగం వేయించారు. ఏళ్ల తరబడి అలా అందుకున్నవాడికి ఎదుటివాడి బుట్టలోకి చూస్తేగాని తన బుట్టలో ఏముందో తెలియదు.

కిషోర్‌బాబు నందిగామలో బోరు మోటార్లు అమ్మేవాడు. నిరుడు ఫ్యాక్టరీలకు రోలర్లు కూడా వేయడం మొదలుపెట్టాడు. అది నాకు నచ్చలేదని ఎవరికీ చెప్పలేదు, రాజ్యశ్రీకి తప్ప. ఆమెకు రోజూ చెప్పాను.

అతను షాపును కొత్త గదుల్లోకి మార్చినప్పుడు పూజకు వెళ్లాం. ప్రసాదం తింటూ ఉండగా అతనికేదో అర్జెంటు మెయిలు వచ్చింది. నా ఎదుటే తెరిచాడు. ప్రోగ్రాము నాదే, నేను వాడేదే. కానీ పైన వరసగా నాకు లేని బటన్లు. అవేమిటని అడిగాను. యాడ్-ఇన్‌లు అన్నయ్యా, ప్రోగ్రాముకు పైన తగిలించే పనిముట్లు అన్నాడు. ఒకటి ఇంగ్లీషు తప్పులు దిద్దుతుందట. ఒకటి పెద్ద ఫైళ్లను క్లౌడులో పెట్టి పంపుతుందట. ఒకటి మీటింగులు కుదురుస్తుందట. ఇంకొకటి, మనం పంపిన మెయిలును అవతలివాళ్లు ఎప్పుడు తెరిచారో, ఎన్నిసార్లు తెరిచారో చెబుతుందట.

తిరుగు దారిలో రాజ్యశ్రీ కొత్త షాపు గచ్చు గురించి, గాలీ వెలుతురూ గురించి మాట్లాడింది. నేను బటన్ల గురించే ఆలోచించాను. అవి మొత్తం ఆరు. నావి సున్నా.

మర్నాడే కంప్యూటర్లు బాగుచేసే థామస్‌ని పిలిపించాను. ఆ ఆరూ వేసి, పైన ఇంకొకటి ఏదైనా వేయమన్నాను. ఏది కావాలండి అన్నాడు. ఏదైనా ఫరవాలేదు, ఏడోది ఉండాలి అన్నాను. మెషీను బరువెక్కుద్దండి అని ఒక మాట చెప్పి చూశాడు. ఉచితంగా వచ్చేవాటికి బరువేమిటి అన్నాను. చివరికి అమెరికా, జపాను వాతావరణం చూపే బటను ఒకటి వేసి వెళ్లాడు.

అప్పట్నుంచి ప్రోగ్రాము తెరవడానికి నొక్కి, టీ చెప్పి, టీ తాగి, గ్లాసు వెనక్కి పంపాక మొదటి మెయిలు కనిపించేది. మధ్యమధ్యలో పైన పసుపురంగు పట్టీ ఒకటి వచ్చేది. ఈ యాడ్-ఇన్ వల్ల ఆలస్యమవుతోంది, దీన్ని ఆపేశాం అని దాని సారాంశం. నా బుట్టలోంచి ఎవరో కాయ తీస్తున్నట్టు ఉండేది నాకు. పక్కనే 'ఎప్పటికీ ఉంచు' అని ఉంటే అది నొక్కేవాణ్ని. వచ్చినప్పుడల్లా నొక్కాను.

నిజం చెప్పాలంటే ఏడింటిలో నేను వాడింది ఒక్కటే, ఎవరు ఎప్పుడు తెరిచారో చెప్పేది. దాన్ని పరీక్షించడానికి కిషోర్‌బాబుకు ఉగాది శుభాకాంక్షలు పంపాను. కుడిపక్క చిన్న అరలో అతని పేరు వచ్చి కూర్చుంది. తెరిచాడు. మళ్లీ తెరిచాడు. మళ్లీ. మళ్లీ. ఒక శుభాకాంక్షను అన్నిసార్లు తెరిచి చూసేవాడు నా గురించి ఏదో ఆలోచిస్తున్నట్టే లెక్క అనుకున్నాను. ఆ తర్వాత అతనికి రెండు రోజులకోసారి ఏదో ఒకటి పంపి, ఎప్పుడు లేస్తున్నాడో, ఎప్పుడు షాపు తెరుస్తున్నాడో కనిపెడుతూ ఉండేవాణ్ని.

ఇంతలో మాకు దగ్గరలోని సిమెంటు ఫ్యాక్టరీ నుంచి ఏడాది సరఫరాకు రోలర్ల ఎంక్వయిరీ వచ్చింది. నా వ్యాపారంలో సగం దాని మీదే నడుస్తుంది. అది కిషోర్‌బాబుకూ వెళ్లిందని విన్నాను. కొటేషను మెయిలులోనే రావాలి, ఫ్యాక్టరీలో నమోదైన అడ్రసు నుంచే రావాలి. శుక్రవారం సాయంత్రం ఐదు దాటితే తీసుకోరు. నేను బుధవారమే రేట్లు కట్టి పంపేశాను. ఇంకా తెరవలేదు అని చూపించింది నా బటను. గురువారమూ అదే మాట. పెద్ద ఆఫీసు, తీరిగ్గా చూస్తారులే అనుకున్నాను.

శుక్రవారం మూడు గంటలప్పుడు ఆ ఫ్యాక్టరీ కొనుగోళ్ల విభాగం నుంచి భారతీదేవిగారు ఫోను చేశారు.

"సాంబయ్యగారూ, ఈసారి కొటేషను వెయ్యట్లేదాండీ?"

"మొన్ననే వేసానండి. మీరే ఇంకా తెరవలేదు."

"నేను తెరవలేదని మీకెలా తెలుసండీ?"

వినబడట్లేదండీ అన్నాను. తన దగ్గరికి అసలు రాలేదని, ఐదింటికి మూసేస్తామని చెప్పి ఆమె పెట్టేశారు. పంపవలసిన మెయిళ్లు ఆగే అవుట్‌బాక్స్‌లో చూద్దును కదా, బుధవారం పంపింది అక్కడే కూర్చుని ఉంది. కనిపెట్టే బటను ఉచిత గడువు బుధవారంతో అయిపోయిందట. డబ్బు కట్టేదాకా ఏ మెయిలునూ బయటికి వదలకుండా పట్టుకుంది. మళ్లీ పంపబోతే తెర బిగుసుకుపోయింది. మెషీను ఆపి మళ్లీ వేశాను. ముందుగా ఆ కుడిపక్క అరే వచ్చింది, వచ్చి మళ్లీ బిగుసుకుంది. థామస్ వీరులపాడులో పెళ్లికి వెళ్లాడు, ఫోను ఎత్తడం లేదు. ఉన్న ఒక్క షాపు ఫోను నలుగురి చేతుల్లో తిరుగుతుందని అందులో నేను మెయిలు పెట్టుకోలేదు.

ఈ ప్రోగ్రాము తెలిసిన మనిషి నాకు ఇంకొక్కడే ఉన్నాడు. ఫోను చేస్తే పరువు పోతుంది. చేయకపోతే ఆర్డరు పోతుంది. పరువు నెమ్మదిగా కూడబెట్టుకోవచ్చు, ఆర్డరు కావాలంటే ఏడాది ఆగాలి. చేశాను.

కిషోర్‌బాబు అంతా విన్నాడు. వింటూ అతను వేసుకున్న లెక్క నాకు తెలుసు, ఎందుకంటే అతని స్థానంలో ఉంటే నేనూ అదే వేసేవాణ్ని. నేను రాకపోతే ఆ రోలర్లు అతనివే.

"వస్తున్నా అన్నయ్యా," అన్నాడు.

దారిలో చిల్లకల్లు దగ్గర టైరు పంక్చరైందని ఫోను వస్తుందనుకున్నాను. రాలేదు. కారు చప్పుడు విన్నాక గుర్తొచ్చింది, తెర మీద ఆ అర అలాగే తెరిచి ఉందని. మూయబోయాను. కదలలేదు. మౌసుతో ఎక్కడ నొక్కినా కదలలేదు. అతను లోపలికి వచ్చేసరికి నేను తెరకు అడ్డంగా నిలబడి ఉన్నాను.

"తప్పుకుంటేగా అన్నయ్యా చూసేది."

తప్పుకున్నాను. అరలో అన్నిటికంటే పైన అతని పేరు, కింద వరసగా తేదీలు, గంటలు. అతను కుర్చీలో కూర్చుని అంతా చదివాడు. నేను ఫ్యాను వేగం పెంచాను.

"ఉగాది మెయిలు నాలుగుసార్లు తెరిచినట్టుందే," అన్నాడు చివరికి. "నేను తెరిచింది ఒక్కసారే. మిగతావి మీ మరదలు. బావగారు మనకి శుభాకాంక్షలు పంపారంటే నమ్మలేదు. నిజమో కాదోనని పదేపదే చూసుకుంది."

మెషీను ఆపి మళ్లీ వేశాడు. కీబోర్డు మీది కంట్రోల్ మీటను ఒక వేలితో అదిమిపట్టి మెయిలు ప్రోగ్రాము మీద నొక్కాడు. సేఫ్ మోడులో తెరవాలా అని అడిగింది. అవునన్నాడు. పైన ఒక్క బటనూ లేకుండా తెరుచుకుంది, నేను కొన్న రోజున ఉన్నట్టు. నాలుగున్నర అయింది.

"ఇప్పుడు పంపుకోండి. నేను బయట ఉంటా."

"ఎందుకు, కూర్చో."

"లోపల మీ రేట్లున్నాయి కదా అన్నయ్యా."

రోడ్డు అవతలికి వెళ్లి సోడా కొట్టు దగ్గర నిలబడ్డాడు, వీపు మా షాపు వైపు పెట్టి. నేను పంపాను. అందిందని భారతీదేవిగారి నుంచి జవాబు వచ్చింది. అతను ఇటు తిరగలేదు. నేనే వెళ్లి పిలుచుకొచ్చాను.

తర్వాత తీరిగ్గా నేర్పాడు. ఫైల్‌లో ఆప్షన్స్, అందులో యాడ్-ఇన్స్, అడుగున 'గో'. అక్కడ అన్నీ వరసగా ఉన్నాయి, పక్కన టిక్కులు. టిక్కు తీస్తే పోదు, పడుకుంటుంది. పూర్తిగా పోవాలంటే కంట్రోల్ ప్యానెల్లోంచి తీసేయాలి. అన్నీ కలిపి పీకేయకూడదు, ఒక్కొక్కటే తీసి చూసుకోవాలి. వైరస్ చూసేదాన్ని, బిల్లుల ప్రోగ్రాముదాన్ని ముట్టుకోకూడదు. టిక్కులు నేనే తీశాను. కనిపెట్టే బటనును తీసేటప్పుడు అతను ఫోను చూసుకుంటున్నాడు. చూసుకుంటున్నట్టు ఉన్నాడు.

"నీ ఆరూ ఎలా నడుస్తున్నాయి మరి?" అని అడిగాను.

"అవా? నెల కిందటే తీసేసా. ఏదో ఫ్రీ ప్రోగ్రాములతో పాటు వచ్చి పడ్డాయి, నేనేం వేయించలా." చివర ఉన్న వాతావరణం బటను దగ్గర ఆగాడు. "ఇది మాత్రం నా దగ్గర లేదే. జపానులో మనకేం పని?"

"అది ఏడోది," అన్నాను. అర్థమైంది అతనికి. నవ్వు ఆపుకోవడానికి కిందికి వంగి చెప్పుల పట్టీ సర్దుకున్నాడు.

కారు ఎక్కబోతుంటే ఎందుకు వచ్చావని అడిగేశాను. రాకపోతే రోలర్లు నీవే కదా అన్నాను.

"మీ మెయిలు పోక ఆర్డరు నాకొచ్చిందంటే దాన్ని గెలుపంటారా? చందర్లపాడులో మామయ్య ముందు చెప్పుకోవడానిక్కూడా పనికిరాదు. వచ్చే ఏడు రేటులో కొడతా మిమ్మల్ని, చూడండి."

పది రోజులకు ఆర్డరు వచ్చింది. నా రేటు అతనిదానికన్నా కాస్త తక్కువ. రోలర్లు నాకే.

ఇక లెక్క. పోయినవి ఏడు బటన్లు, ఒక బుధవారం, ఒక గురువారం, ముప్పావు వంతు శుక్రవారం. వచ్చినవి ఏడాది ఆర్డరు, టీ చెప్పేలోపే తెరుచుకునే మెయిలు, కంట్రోల్ మీట సంగతి. బటన్లలో అతనూ నేనూ సమానం, ఇద్దరికీ సున్నా. ఆర్డరులో నేను ముందున్నాను. కానీ నందిగామ నుంచి వచ్చి, నా రేట్లున్న తెరకు వీపు తిప్పి ఎండలో నిలబడ్డాడే, ఆ లెక్కలో అతను నాకన్నా ఒకటి ఎక్కువ. మామగారు ఉండీ ఇది మాత్రం సమానంగా పంచలేకపోయారు. అతని షాపులో ఏదైనా ఎప్పుడు చెడిపోతుందా అని ఎదురుచూస్తున్నాను, వెళ్లి బాగుచేసి రావడానికి.