గ్లౌజుల గయ్యాళి

మా షాపులో నా వెనకాల నన్ను గ్లౌజుల గయ్యాళి అంటారు. మొహం మీదే అన్నా నాకేం బాధ లేదు. తుంటిలో పెట్టే లోహపు కాడని ఇసుక కొట్టి గరుకు చేశాక వట్టి చేత్తో ముట్టుకుంటే, ఆ వేలి జిడ్డు చాలు, పైన వేసిన పూత ఎప్పుడో ఒకప్పుడు పెచ్చులూడుతుంది. ఊడేది గోడ మీద సున్నం కాదు, మనిషి ఎముక పక్కన.

ఆ ఉదయం పూత పట్టు చూడడానికి నమూనా బిళ్ళని మిషన్‌కి తగిలించాను. పన్నెండు కాడలతో పాటే తయారైన బిళ్ళ అది. పాసైతే పన్నెండూ మధ్యాహ్నానికి బయల్దేరతాయి. వాటిలో ఒకటి మా అత్తయ్యకి. ఎనిమిది నెలలుగా గోడ పట్టుకునే నడుస్తోంది. రేపే ఆపరేషన్.

మిషన్ పూతని లాగుతుంటే అంకె ఇరవై రెండు దాటాలి. పద్నాలుగు దగ్గర పూత టప్పున ఊడొచ్చింది.

ఇసుక కొట్టే బాబాయ్ మీదికి లేచాను. "గ్లౌజు లేకుండా ముట్టుకున్నావు కదూ?"

"లేదమ్మా."

"మరి దెయ్యం ముట్టుకుందా?"

ఆయన భూతద్దం నా చేతికిచ్చాడు. "చూసి తిట్టమ్మా."

ఊడిన చోట బొటనవేలంత నున్నటి మచ్చ. దాని మధ్య ఏటవాలుగా సన్నటి చార, అక్కడ మాత్రం పూత పట్టుకునే ఉంది. నా కుడి బొటనవేలి మీద, డబ్బా మూత కోసిన గాటు కూడా అంతే ఏటవాలు. చెప్పేవి శ్రీరంగనీతులంటే ఇదే.

నిన్న, పూత వెయ్యకముందు, అత్తయ్య వీడియో కాల్ చేసింది. గ్లౌజుతో ఫోన్ కదలదు కదా, తీశాను. "నా కొత్త కాలు చూపించవే" అంది. చూపించాను. బిళ్ళ ఒక్కటే పట్టుకున్నానా, కాడలు కూడానా? ఎంత తల బాదుకున్నా గుర్తు రాలేదు.

బాబాయ్ గొంతు తగ్గించాడు. "ఎవరూ ముట్టుకోని ఇంకో బిళ్ళ ఉంది. అది పాసవుతుంది. నేనేం చూడలేదు."

ఆ బిళ్ళ వంకే చూస్తూ కూర్చున్నాను. చివరికి పరీక్ష కాగితం మీద రాశాను: పన్నెండూ పనికిరావు, ముట్టుకున్నది నేనే.

అత్తయ్యకి ఫోన్ చేశాను. "ఆపరేషన్ ఇంకో నెల ఆగాలి అత్తయ్యా. తప్పు నాదే. గ్లౌజు తీశాను."

"ఎందుకు తీశావే?"

అబద్ధం చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. "మీ ఫోన్ ఎత్తడానికి."

అత్తయ్య అంది, "సరే. ఈ నెల నేను పడిపోయినా నీకు ఫోన్ చెయ్యనులే."