విడిపడ్డ వేళ్ళు

కుంటోడని తను పిలుచుకునే ఎలుక వెనక కాలు సుతారంగా పట్టుకుని, సిరాలో తడిపిన దూదికి అద్ది, ఆమె వాడిని కాగితం పరిచిన సన్నని చెక్క దారిలో వదిలింది. అవతలి చివర చీకటి మూల కనిపిస్తే చాలు, ఎలుక ఆగదు. ఆ ప్రయోగశాలలో ఇరవై రెండేళ్ళుగా ఆమె పని ఇదే: బోనులు కడగడం, మేత పెట్టడం, అడుగుల ముద్రలు తీయడం.

మూడు నెలల క్రితం వాడి తొడలో నరం ముక్క కోసి తీశారు. ఆ ఖాళీలో ఒంట్లోనే కరిగిపోయే గొట్టం కుట్టారు. దాని లోపల, విడిగా పెంచిన కణాలు నింపారు. తెగిన నరం అందులోంచి, రోజుకు ఆవగింజంత మేర, పాకుతూ రావాలి. ఇన్ని వారాలూ కాగితం మీద ముడుచుకున్న పాదమే పడింది.

ఇవాళ అయిదు వేళ్ళూ విడివిడిగా పడ్డాయి.

ఆమె కాగితం పట్టుకుని పక్క గదికి పరుగెత్తింది. "డాక్టరమ్మా, మనవాడు వేళ్ళు విప్పాడు!"

డాక్టరమ్మ రెండుసార్లు కొలిచింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇక మనుషులకు చేయడానికి అనుమతి అడగొచ్చు పిన్నీ."

"మా ఆయనకి పనికొస్తుందా?"

ప్రెస్సులో కాగితాలు కోసే యంత్రం కింద ఆయన మణికట్టు పడి పద్దెనిమిదేళ్ళు. రెండు వేళ్ళకు స్పర్శ లేదు, సరిగా వంగవు. వేడి గిన్నె దించితే, కమురు వాసన వచ్చాకే కాలిందని తెలుస్తుంది. "నా చేతిలో ఇద్దరు బద్ధకస్తులున్నారే" అని నవ్విస్తాడు.

"అన్నేళ్ళయితే కండరం ఎండిపోతుంది పిన్నీ. ఇది నరం కొత్తగా తెగినవాళ్ళకే." డాక్టరమ్మ గొంతు తగ్గింది.

ఆమె కాగితాన్ని సిరా చెరగకుండా బల్ల మీద పరిచింది. "పోనీలెండి. ఎవరి చెయ్యయితేనేం."

మధ్యాహ్నం కుంటోడి నరాన్ని బయటికి తీసి చూడాలి. అంటే ఏమిటో ఆమెకు తెలుసు.

"నువ్వెళ్ళు, నేను చూసుకుంటా" అంది డాక్టరమ్మ.

"వద్దండీ. నా చేతి వాసన ఎరిగినవాడు, భయపడడు."

మత్తు ఎక్కేదాకా వాడు ఆమె అరచేతిలోనే ఉన్నాడు. చెవుల వెనక బొటనవేలితో నిమురుతూనే ఉంది. ఊపిరి నెమ్మదించింది. తర్వాత లేదు.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేసింది. "కుంటోడు నడిచాడు."

"నాకంటే గట్టోడే! మరి నీ గొంతు అలా ఉందేం?"

"చేతులకి సబ్బుంది, పెట్టేస్తున్నా."

బోనులన్నీ కడిగి బోర్లించింది, ఒక్కటి తప్ప. అందులో వాడు కాగితం పీలికలు కొరికి అల్లుకున్న గూడు, మధ్యలో పిడికెడు గుంటతో, అలాగే ఉంది.