బల్ల మీది సొరకాయ

మా అపార్ట్‌మెంట్ మెట్ల కింద ఒక పాత బల్ల ఉంది. ఎవరింట్లో ఏది మిగిలినా దాని మీద పెడతారు, కావలసినవాళ్లు పట్టుకెళతారు. ఎవరు పెట్టారు, ఎవరు తీసుకున్నారు అని ఆరా తీయకూడదు. ఆ నియమం పెట్టింది నేనే. తీసుకునేవాళ్లు తల దించుకోకూడదని పెట్టి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

నేను బట్టలు కుట్టి బతికేదాన్ని. గుడ్డముక్క పారేయాలన్నా చేతులు రావు. అందరిళ్ల కూరగాయ తొక్కలూ పోగేసి ఎరువు చేసి, డాబా మీద రంగు డబ్బాల్లో తీగలు పెంచుతాను.

ఆ రోజు పొద్దున నవనవలాడే రెండు సొరకాయలు బల్ల మీద పెట్టి, గిడసబారినదొకటి ఇంటికి తెచ్చుకున్నాను. మంచివి నలుగురికీ, వంకరవి మాకూ. అదీ నా గొప్ప. కోస్తుంటే అత్తయ్య అలవాటుగా ఒక ముక్క నోట్లో వేసుకుని తుపుక్కున ఉమ్మేసింది.

"కటిక చేదే తల్లీ, వండకు. మా పెద్దమ్మ కొడుకు ఇలాంటి కాయ రసం తాగే రక్తం కక్కుకున్నాడు. కింద పెట్టినవి ఏ తీగవి?"

అదే తీగవి. పరుగున మెట్లు దిగి చూస్తే బల్ల మీద రెండు నిమ్మకాయలు తప్ప ఏమీ లేవు.

నా నియమాన్ని నేనే తిట్టుకుంటూ తలుపులు కొట్టాను. కింది అంతస్తులో ఆటో డ్రైవరు భార్య దగ్గర ఒకటి దొరికింది. ఇంకా కోయలేదు.

"రెండోది డ్రిల్లు మాస్టారు పట్టుకెళ్లారక్కా. నన్ను చూసి తువ్వాలు కప్పేశారు" అంది.

రిటైరైన ఆ మాస్టారు రోజూ పచ్చి సొరకాయ రసం తాగుతాడు. నా ఎరువు డబ్బా కంపు కొడుతోందని, డాబా ఖాళీ చేయించాలని సంతకాలు సేకరిస్తున్నదీ ఆయనే. ఆదివారం మీటింగు. నా కాయ విషమని నేనే ఒప్పుకుంటే ఇక సంతకాలతో పనేముంది? మూడో అంతస్తు ఎక్కుతూ ఇదంతా ఆలోచించాను. సిగ్గులేకుండా ఆలోచించాను.

మాస్టారు తలుపు జానెడు తెరిచాడు.

"బల్ల మీది సొరకాయ మీరు తీసుకున్నారా మాస్టారూ?"

"నీ డబ్బాల్లో కాసింది నేను ముట్టుకుంటానా అమ్మా?"

ఆయన మీసం మీద లేతాకుపచ్చ నురగ ఉంది. నాకు ఒళ్లు మండింది. వెంటనే జాలీ వేసింది.

"సరే, మీరు తీసుకోలేదు. తీసుకున్నవాళ్లు తెలిస్తే మాత్రం చెప్పండి. అది చేదుకాయ. రసం తాగితే ప్రాణం మీదికొస్తుంది."

ఆయన తలుపు ఇంకాస్త తెరిచాడు.

"ఎంత తాగితే?" అన్నాడు.

"మీరెంత తాగారు?"

"సగం గ్లాసు. చేదైతే ఇంకా మంచిదనుకున్నా."

డ్రైవరు ఆటో తీసేసరికే వాంతులు మొదలయ్యాయి. ఆస్పత్రిలో రెండు సీసాల సెలైన్ ఎక్కించాక గండం గడిచిందని డాక్టరమ్మ చెప్పింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

"ఇంతకీ ఆ కాయ ఎక్కడిది?" అని అడిగిందావిడ.

"బజార్లో కొన్నా" అన్నాడు మాస్టారు మంచం మీద నుంచి.

తన పరువు కోసం అన్నాడో, నా తోట కోసం అన్నాడో తెలియదు. నోరు మూసుకుంటే సరిపోయేది. మూసుకుందామనే అనుకున్నాను.

"కాదండీ, నా తీగది. రుచి చూడకుండా నేనే బల్ల మీద పెట్టాను" అన్నాను.

మాస్టారు గోడవైపు తిరిగి, "నేనే తీసుకున్నా" అన్నాడు.